కిరాయి రిక్షా, సొంత రిక్షా: చిన్న వ్యాపారపు లెక్కలు

దక్షిణ తెలంగాణమునందలి మెట్టభూములకు వానయే ఆధారము. తొలకరి సకాలమున పడినచో నాగలి కదలును. పడకున్నచో మనిషి కదలును. మహబూబునగరు జిల్లాను మనము పాలమూరు అందుము. ఆ పేరు వినగానే దేశమున చాలచోట్ల జనులకు మొదట స్ఫురించునది వలసకూలీయే. నల్లగొండ జిల్లాలో దేవరకొండ, మునుగోడు ప్రాంతముల మెట్ట గ్రామములదియు అదే కథ.

ఇట్లు కదలినవారిలో కొందరు మేస్త్రీల వెంట ఆనకట్టలకు, కాలువలకు పోయిరి. 1955 డిసెంబరు 10వ తేదీన శంకుస్థాపన జరిగి 1967 ఆగస్టులో కాలువలకు నీరు వదలబడిన నాగార్జునసాగరమున పాలమూరు కూలీల చెమట ఎంతయో కలదు. మరికొందరు హైదరాబాదు చేరి రిక్షా పట్టిరి. చదువు లేనివానికి, చేతిపని నేర్వనివానికి, పట్టణమున దిగిన మరునాడే నాలుగు డబ్బులు కండ్లజూపు పని అది. రిక్షా సేటు వద్ద తెలిసినవాడొకడు మాట చెప్పినచో చాలును. ఉదయము బండి చేతికి వచ్చును, రాత్రి కిరాయి చెల్లింపవలెను.

కాలము మారినది. సవారీలను ఎక్కించుకొను సైకిలు రిక్షా మన పట్టణములలో నేడు అరుదైనది. ఆటోలు వచ్చి దాని స్థానమును ఆక్రమించినవి. కాని మూడు చక్రముల వ్యాపారము అంతరింపలేదు. కూరగాయలు, నీటి డబ్బాలు, సిమెంటు, పాత ఇనుము మోయు సరకు రిక్షాలు సందులలో తిరుగుచునే ఉన్నవి. బ్యాటరీతో నడచు రిక్షాలు వచ్చుచున్నవి. బండి మారినను యజమానికిని తొక్కువానికిని నడుమనున్న లెక్క మాత్రము మారలేదు. ఆ లెక్కనే ఈ వ్యాసమున మేము పాఠకుల ముందుంచదలచితిమి. నాలుగైదు బండ్లతో చిన్న వ్యాపారము పెట్టదలచిన యువకులకును, వాటిని నడపి బ్రతుకువారికిని ఇది ఉపయోగించునని మా ఆశ.

రిక్షా వచ్చిన దారి

రిక్షా అను మాట జపాను దేశమునుండి వచ్చినది. ఆ భాషలో దాని పూర్తి రూపమునకు 'మనిషి బలముతో నడచు బండి' అని అర్థము. 1869 ప్రాంతమున అచ్చట పుట్టిన చేతిరిక్షా 19వ శతాబ్దము ముగియకముందే సిమ్లా కొండలకును, తరువాత కలకత్తాకును వచ్చినది. మనిషి పరుగెత్తి లాగవలసిన ఆ బండికి సైకిలును జోడించి మూడు చక్రములు చేసిన రూపము 1930 ప్రాంతమున మన దేశమున అడుగిడినది. నిజాము రాష్ట్రపు చివరి సంవత్సరములలో హైదరాబాదు వీధులలో సైకిలు రిక్షాలు కానవచ్చినవి. ఘోషా పాటించు స్త్రీలకై వాటికి తెరలు కట్టెడివారు. వెనుక రేకులపై రంగురంగుల బొమ్మలు వేయించెడివారు.

చేతిరిక్షా కంటె సైకిలు రిక్షా మేలైనదనుటలో సందేహము లేదు. తమిళనాడు ప్రభుత్వము 1973లో చేతిరిక్షాలను రద్దుచేసి, లాగువారికి సైకిలు రిక్షాలను ఉచితముగా ఇచ్చినది. బండి వారి సొంతము చేయుటయే అందలి విశేషము.

అడ్డా మీది మాట

బండి సొంతము కానిచోట రాత్రి లెక్క ఎట్లుండునో మన ప్రాంతపు వారందరికిని తెలిసినదే. ఇట్టి సంభాషణ ఎన్ని అడ్డాలలో ఎన్నిమార్లు జరిగియుండునో లెక్కలేదు:

"సేటూ, ఇయ్యాల వానకు బేరాలు లేవు. కిరాయి సగమే తెచ్చిన. మిగిలింది రేపు కడ్త."

"నిన్న గూడ గట్లనే అన్నవు గదనే! నీ దిక్కు ఇప్పటికి మూడు రోజులది బాకీ ఉన్నది. మొన్న ట్యూబు మార్పిస్తిమి, ఆ పైసలు ఎవలియ్యాలె?"

"ముల్లు గుచ్చుకుంటే నేనేం జేస్త సేటూ? బండి నీదాయె."

"బండి నాదే. తొక్కేది నువ్వు గదా!"

ఈ నాలుగు మాటలలోనే వ్యాపారపు చిక్కంతయు ఇమిడియున్నది. యజమాని చెడ్డవాడని కాదు, తొక్కువాడు మోసగాడని కాదు. ట్యూబు ఎవరిది, వానరోజు ఎవరిది, బాకీ ఎంత అనునవి ముందుగా వ్రాసికొనలేదు. ఒప్పందము లేనిచోట ప్రతి రాత్రియు తగవే.

కిరాయి అనగా ఏమి?

ఇప్పుడొక లెక్క వేసి చూతము. ఇందలి అంకెలు ఉదాహరణకై మేము అనుకొన్నవి. పాఠకులు తమ ఊరి ధరలు వేసికొని సరిచూచుకొనవచ్చును.

సరకు రిక్షా ధర 20,000 రూపాయలనుకొందము. రోజు కిరాయి 60 రూపాయలు. నెలకు 25 రోజులు బండి తిరిగినచో 1,500 రూపాయలు వచ్చును. తొలకరి వేళ తొక్కువాడు సొంతూరికి పోయి విత్తనము వేసి వచ్చును గనుక సాలుకు 10 నెలలే లెక్కింతము. అనగా కిరాయి 15,000 రూపాయలు. అందు మరమ్మతులకు 4,000 పోయినచో 11,000 మిగులును. బండి ఆరేండ్లలో పూర్తిగా అరిగిపోవునని తలచి ఏటికి 3,333 రూపాయలు అరుగుదల క్రింద తీసివేసినను యజమానికి 7,667 రూపాయలు నిలుచును. పెట్టుబడిపై ఇది సాలుకు నూటికి 38. నెలకు నూటికి మూడు రూపాయల పైచిలుకు.

మూడు రూపాయల వడ్డీ! ఈ మాట మన గ్రామస్థులకు క్రొత్తది కాదు. ఊరిలో షావుకారు వద్ద అప్పు తెచ్చి, ఆ వడ్డీ కట్టలేక పట్టణము చేరినవాడు, అచ్చట బండి కిరాయి రూపమున అదే వడ్డీని కట్టుచున్నాడన్నమాట. ఒక్క భేదము కలదు. అప్పుపై కొంత అసలు కట్టినచో అసలు తగ్గును. కిరాయిలో అసలు ఎన్నటికిని తగ్గదు. ఆరేండ్లలో అతడు 90,000 రూపాయలు చెల్లించును. ఆరేండ్ల తరువాత అతని చేతిలో బండి యొక్క ఒక చక్రపుపుల్ల కూడ ఉండదు.

కిరాయి అనగా అసలు తీరని అప్పు. ఈ ఒక్క వాక్యమును పాఠకులు గుర్తుంచుకొన్నచో తక్కిన వ్యాసమంతయు సులభముగా బోధపడును.

ఈ బాధ మన ఒక్క ప్రాంతముది కాదు. చీనా దేశపు రచయిత లావో షె 1930లలో వ్రాసిన ప్రసిద్ధ నవలలో కథానాయకుడు సొంత రిక్షా కొనుటకై మూడేండ్లు కూడబెట్టును. కొన్న బండి పోగొట్టుకొనును. 1953లో బిమల్ రాయ్ తీసిన 'దో బీఘా జమీన్' చిత్రమున ఒక రైతు అప్పు తీర్చి తన రెండు బిఘాల నేల నిలుపుకొనుటకు కలకత్తా పోయి రిక్షా లాగును. ఆ కథలు చదివినప్పుడు, చూచినప్పుడు మన పాలమూరువాడే కండ్ల ముందు మెదలును.

చట్టము చాలునా?

'తొక్కువానికే లైసెన్సు ఇచ్చినచో సరిపోవును గదా!' అని కొందరు అడుగవచ్చును. 1975లో పంజాబు రాష్ట్రమున అట్టి చట్టమే చేసిరి. ఉద్దేశము మంచిదే. కాని కిరాయి బండి తొక్కువానికి బండి కొను డబ్బు లేదు. కిరాయి బండి తొక్కుటకు వీలును లేకపోయినది. ఉన్న కూడు పోయినది. కార్మికులు సుప్రీముకోర్టుకు వెళ్ళిరి. 1980లో జస్టిసు వి. ఆర్. కృష్ణయ్యరు తీర్పు చెప్పుచు, బ్యాంకు అప్పు ద్వారా రిక్షాలు తొక్కువారికే సొంతమగునట్లు ఒక ఏర్పాటు చేయించిరి. హక్కు కాగితముపై ఉన్నచో చాలదు, దానిని అందుకొనుటకు అప్పు దారి కూడ ఉండవలెనని ఆ తీర్పువలన తేలినది.

ఢిల్లీ నగరమున యజమానియే తొక్కవలెనను నియమము చాలకాలము ఉండెను. దానివలన కిరాయి ఆగలేదు. బండ్లను పట్టుకొనుట, తుక్కుచేయుట మాత్రము పెరిగినది. 2010లో ఢిల్లీ హైకోర్టు ఆ నియమమును కొట్టివేసినది; 2012లో సుప్రీముకోర్టు ఆ తీర్పును నిలిపినది.

ఈ రెండు తీర్పులను కలిపి చూచినచో దారి స్పష్టమగును. కిరాయిని నిషేధింపవలసిన పని లేదు; కిరాయినుండి సొంతమునకు మెట్లు కట్టవలెను. గౌహతిలో 2004లో ఆరంభమైన రిక్షా బ్యాంకు ఈ పనియే చేసినది. రోజువారీ చెల్లింపుతోనే కొంతకాలమునకు బండి తొక్కువాని పేర మారును.

మెట్ల లెక్క

చిన్న యజమాని ఈ పద్ధతిని తన నాలుగైదు బండ్లకే అవలంబింపవచ్చును. పై ఉదాహరణమునే తీసికొందము. తొక్కువాడు రోజుకు ఇచ్చునది అదే 60 రూపాయలు. ఒక్క పైసయు పెరుగదు. అందు 40 రూపాయలు బండి ధర ఖాతాకు, 20 రూపాయలు మరమ్మతు నిధికి జమ కట్టవలెను. 20,000 రూపాయల బండికి యజమాని లాభము 4,000 కలిపి మొత్తము 24,000 అని మొదటనే నిర్ణయింపవలెను.

నెలకు 25 రోజుల చొప్పున ధర ఖాతాలో 1,000 రూపాయలు పడును. 24 పని నెలలలో బాకీ తీరును. ఏటేట రెండు నెలలు సేద్యమునకు విడిచినను, రెండు సంవత్సరముల నాలుగు నెలలలో బండి తొక్కువానిదగును. మరమ్మతు నిధిలో సాలుకు 5,000 రూపాయలు చేరును. మిగిలినది టైర్లు మార్చునాటికి అక్కరకు వచ్చును.

ఇందు యజమానికేమి లాభమని అడుగుట న్యాయమే. పెట్టిన 20,000 నెలనెలా తిరిగి వచ్చుచుండును గనుక సగటున బయట నిలుచునది సుమారు 10,000 మాత్రమే. దానిపై 28 నెలలకు 4,000 అనగా నెలకు నూటికి సుమారు రూపాయి నలభై పైసలు. కిరాయిలో వచ్చు మూడు రూపాయలకంటె ఇది తక్కువ. దానిని దాచి చెప్పుట మాకు ఇష్టము లేదు. కాని ఈ లాభము నిలుకడగలది. బండి తనదగునని తెలిసినవాడు గాలి తగ్గినప్పుడు తొక్కడు, గతుకులో దూకింపడు, రాత్రి దానిని గొలుసుతో కట్టి పడుకొనును. బండిని విడిచి చెప్పకుండ ఊరికి పోడు. తిరిగి వచ్చిన సొమ్ముతో యజమాని మరియొక బండి కొని మరియొకనికి ఇచ్చును. సొంతమైన బండ్లు కూడ మరమ్మతుకు అతని దుకాణమునకే వచ్చును. బండి కిరాయి తగ్గినను పానా పట్టిన చేతికి పని పెరుగును.

ఒప్పంద పత్రము

నోటిమాట నీటిమూట. క్రింది విషయములను తెలుగులో, ఇద్దరికిని చదివి వినిపించి, రెండు ప్రతులుగా వ్రాసికొనవలెను.

1. బండి ధర, లాభము, మొత్తము బాకీ ఎంత. ఈ మొత్తము తరువాత పెరుగరాదు.

2. రోజుకు ఇచ్చునది ఎంత. అందు ధరకు ఎంత, మరమ్మతుకు ఎంత.

3. ఏయే రోజులు చెల్లింపు ఉండదు. జ్వరము, ముసురు, ఇంట చావు, తొలకరి సేద్యము, పండుగ. ఈ రోజులకు బాకీ నిలుచును గాని వడ్డీ పెరుగదు.

4. పంక్చరు, చైను, బ్రేకు మరమ్మతు నిధినుండి. ఇరుసు, చట్రము విరిగినచో చెరి సగము.

5. ప్రమాదము జరిగినప్పుడు ఎవరేమి చేయవలెను.

6. తొక్కువాడు నడుమనే మానదలచినచో, ధర ఖాతాలో కట్టిన దానినుండి అరుగుదల తీసి మిగిలినది తిరిగి ఇయ్యవలెను. ఈ షరతు లేనిచో పై ఐదును వ్యర్థములే. కట్టినదంతయు పోవునను భయమే మనిషిని కట్టివేయును.

తొక్కువాని వద్ద ఒక చిన్న పుస్తకము ఉండవలెను. ప్రతి రాత్రియు తేదీ, జమ, మిగిలిన బాకీ వ్రాసి యజమాని సంతకము చేయవలెను. చదువురానివాడు బడికి పోవు తన బిడ్డచేత దానిని చదివించుకొనును. బాకీ రోజురోజుకు తగ్గుట కన్నులార చూచినవానికి కాలిలో బలము పెరుగును.

పండుగకో, పెండ్లికో పెద్ద మొత్తము బయానాగా ఇచ్చి దానికి బదులు పని చేయించుకొను పద్ధతిని మాత్రము దరి చేరనీయరాదు. పాలమూరు కూలీలను మేస్త్రీలకు కట్టివేసిన త్రాడు అదియే. ఆ త్రాటిని మన చేతులతో మరల పేనరాదు.

బండి, దారి, దేహము

మన పట్టణములు కోస్తా పట్టణములవలె చదునైనవి కావు. నల్లగొండలో కొండల నీడన, మహబూబునగరులో మిట్టపల్లముల మీద వీధులు సాగును. ఇందువలన తొక్కువాని శ్రమ ఎంత పెరుగునో చూడుడు. బండి, మనిషి, సరకు కలిసి 300 కిలోల బరువనుకొందము. 30 అడుగులకు ఒక అడుగు ఎత్తు పెరుగు దారిలో, చదును నేలపై తోయు బలము గాక అదనముగా 10 కిలోల బరువును లాగినంత బలము కావలెను. ఆరోగ్యవంతుడైన మనిషి గంటల తరబడి చేయగల పని గుర్రపు బలములో పదవవంతు మాత్రమే. కనుక ఎగుడు దారిలో దిగి త్రోయుట చేతకానితనము కాదు, తెలివి.

బండి కొనునప్పుడు వెనుక పండ్లచక్రము పెద్దదిగా ఉన్నదానిని ఎంచుకొనవలెను. వేగము కొంత తగ్గును, ఎగుడు తేలికయగును. అనేక రిక్షాలకు ముందు చక్రమునకే బ్రేకు ఉండును. పల్లపు దారిలో బరువుతో దిగునప్పుడు అది చాలదు. వెనుక చక్రమునకు కూడ బ్రేకు పెట్టించుట తప్పనిసరి అని మా సలహా.

ప్రతి ఉదయము గాలి చూడవలెను. గాలి తగ్గిన టైరు బరువును రెట్టింపుగా తోపించును, త్వరగా చిరుగును. సర్కారు తుమ్మముండ్లు మన దారులలో విస్తారము. టైరులో విరిగిన ముల్లు ఉన్నదేమో చేతితో తడిమి తీసిన పిమ్మటనే ట్యూబు వేయవలెను. వారమునకొకసారి చైను తుడిచి నూనె పట్టింపవలెను. సడలిన చక్రపుపుల్లలను వెంటనే బిగింపవలెను. వానకాలము ముందును తరువాతను చక్రపు గుండ్లు విప్పి గ్రీజు పెట్టవలెను. వెనుకవైపు ఎఱ్ఱని అద్దపు బిళ్ళ లేని బండి రాత్రివేళ రోడ్డెక్కరాదు.

దేహము కూడ యంత్రమే. ఎండకాలమున పగలు 12 గంటలనుండి 4 గంటల వరకు బండిని నీడన నిలుపుట మేలు. ఉదయము, సాయంకాలము తిరిగినచో చాలును. నీరు, ఉప్పు చక్కెర కలిపిన నీరు వెంట ఉండవలెను. నల్లగొండ జిల్లా గ్రామములలో భూగర్భజలమందలి ఫ్లోరైడు ఎముకలను, కీళ్ళను బిగియజేసిన సంగతి లోకమెరిగినది. మోకాళ్ళు, నడుము వంగుట కష్టమైనవాడు ఈ పనికి పూనుకొనక ముందు వైద్యుని చూడవలెను. అట్టివానికి బ్యాటరీ బండి తగినది.

బ్యాటరీ రిక్షా

2015లో మోటారు వాహనముల చట్టమునకు సవరణ జరిగి బ్యాటరీ రిక్షాలకు స్థానము లభించినది. నలుగురు ప్రయాణికులు, 40 కిలోల సామాను, గంటకు 25 కిలోమీటర్లకు మించని వేగము దాని హద్దులు. రిజిస్ట్రేషను, బీమా, నడపువానికి లైసెన్సు ఉండవలెను. లైసెన్సుకు ముందు పది దినముల శిక్షణ కలదు.

ఇందలి పెద్ద ఖర్చు బండి కాదు, బ్యాటరీ. సాధారణముగా 12 వోల్టుల బ్యాటరీలు నాలుగు ఉండును. సీసపు బ్యాటరీలు త్వరగా అలసిపోవును; అప్పుడు ఒక్కసారిగా పెద్ద మొత్తము కావలెను. సైకిలు రిక్షాకు మరమ్మతు నిధి ఎట్టిదో బ్యాటరీ రిక్షాకు బ్యాటరీ నిధి అట్టిది. మొదటి రోజునుండియే దానికి ప్రత్యేకముగా జమ కట్టనివాడు, బ్యాటరీ చచ్చిననాడు మరల మూడు రూపాయల వడ్డీకి పోవలసియుండును. రాత్రి ఇంటి తీగకు తోచినట్లు కలుపక, తగిన మీటరు పెట్టించుకొని విద్యుత్తు తీసికొనవలెను.

సవారీయే లక్ష్మి

వ్యాపారమునకు మూడవ చక్రము సవారీ. యజమాని, తొక్కువాడు ఎంత సఖ్యముగా ఉన్నను బేరము రానిచో బండి నడువదు. బస్టాండు, రైలుస్టేషను, ఆసుపత్రి, మార్కెటు ప్రాంతములలో ఏ గంటకు ఎందరు దిగుదురో వారము రోజులు నిలిచి చూచి వ్రాసికొనవలెను. సంత రోజులు, జాతరలు వేరుగా గుర్తించుకొనవలెను. పాలమూరు వైపు మన్యంకొండ, కురుమూర్తి జాతరలకును, నల్లగొండ వైపు చెరువుగట్టు జాతరకును, సూర్యాపేట దగ్గర రెండేండ్లకొకసారి జరుగు పెద్దగట్టు జాతరకును జనము తండోపతండములుగా వత్తురు. ఆ దినములలో బండ్లన్నియు ముందే మరమ్మతు చేయించి సిద్ధముగా ఉంచినవానికి అది పంటకాలము.

ధర ముందు చెప్పవలెను. దిగిన తరువాత పెంచరాదు. అడ్డా మీద నలుగురు కలిసి ముఖ్య స్థలములకు ఒకే ధర నిర్ణయించి పలకపై వ్రాసి పెట్టినచో తగవులు తగ్గును. బడిపిల్లలను పరిమితికి మించి ఎక్కింపరాదు. తల్లిదండ్రులు ఒత్తిడి చేసినను వినరాదు. ముసలివారిని, చూలాలిని ఎక్కించుకొన్నప్పుడు గతుకులలో నెమ్మదిగా పోవలెను. మరచిపోయిన సంచిని తిరిగి ఇచ్చినవాని పేరు మరునాడు ఊరంతయు తెలియును. దానికంటె మించిన ప్రకటన లేదు.

అప్పు, బీమా, సంఘము

బండి కొనుటకు షావుకారు ఒక్కడే దిక్కు కాదు. 2015లో ఆరంభమైన ముద్ర పథకమున 'శిశు' తరగతి క్రింద 50,000 రూపాయల వరకు చిన్న వ్యాపారములకు బ్యాంకులు అప్పు ఇచ్చుచున్నవి. తొక్కువాని ఇల్లాలు ఊరిలోని మహిళాసంఘమున సభ్యురాలైనచో ఆమె పేర సంఘపు అప్పు తీసికొనవచ్చును. అట్లు కొన్న బండి ఆమె పేరనే ఉండుట మేలు. కల్లు దుకాణమున ఆ బండి తాకట్టు పడదు.

ప్రమాద బీమాను విస్మరింపరాదు. ప్రధానమంత్రి సురక్షా బీమా క్రింద సాలుకు 20 రూపాయలతో 2 లక్షల రూపాయల ప్రమాద బీమా లభించును. 18 నుండి 70 ఏండ్లవారు అర్హులు. బ్యాంకు ఖాతా ఉన్నచో చాలును. అసంఘటిత కార్మికులకై 2021 ఆగస్టులో ఏర్పడిన ఈశ్రమ్ పట్టికలో పేరు నమోదు చేయించుకొనవలెను.

పదిమంది తొక్కువారు కలిసినచో ఇంకను పెద్ద పని జరుగును. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘముల చట్టము ప్రకారము, వేర్వేరు కుటుంబములకు చెందిన పదిమంది చేరి సంఘము నెలకొల్పుకొనవచ్చును. టైర్లు, ట్యూబులు టోకుగా కొనుట, ఒక పంక్చరు దుకాణము నడుపుట, జబ్బుపడినవానికి చేబదులు ఇచ్చుట, అడ్డా విషయమున పురపాలక సంఘముతో మాటలాడుట ఇట్టి సంఘము చేయదగిన పనులు. ఒక్కడు అడిగినచో మొర. పదిమంది అడిగినచో అర్జీ.

ముగింపు

పాలమూరు, నల్లగొండ మెట్టల మనిషి శ్రమకు వెనుదీసినవాడు కాడు. అతని చెమట ఆనకట్టలై నిలిచినది, రాజధాని వీధులలో చక్రములై తిరిగినది. అతనికి కొరవడినది శ్రమ కాదు, లెక్క. తాను రోజూ చెల్లించునది ఏ ఖాతాలో పడుచున్నదో తెలిసినవాడు ఎవరికిని బానిస కాడు.

కనుక చిన్న యజమానులకు మా మనవి: ఈ రాత్రియే ఒక పుస్తకము తెరువుడు, ప్రతి బండికి ఒక పుట కేటాయింపుడు. తొక్కు సోదరులకు మా మనవి: బండి తాళము అందుకొను ముందు ఆ పుటను చూపుమని అడుగుడు. ఆ పుటలోని బాకీ సున్నకు వచ్చిననాడు బండికి పసుపు కుంకుమ పెట్టి, దాని వెనుక రేకుపై మీ బిడ్డ పేరు వ్రాయించుకొనుడు.